ఇరవై ఏడో గది తాళంచెవి

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట వేరేవాళ్ళు నా వెనకాల అనేకంటే నేనే ముందు చెప్పుకోవడం మర్యాదగా ఉంటుంది. చిన్నప్పుడు మా అక్క జడ నా జడకన్నా జానెడు పొడుగని, ఒక మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే కత్తెర పట్టుకుని వెళ్ళి లెక్క సరిచేశాను. మా అమ్మ కొట్టలేదు. "దీని కళ్ళలో నిప్పులు పోసి కన్నానేమో" అని మాత్రం అంది. ఇప్పుడు నాకు నలభై మూడేళ్ళు. ఆ నిప్పులు ఇంకా ఆరలేదు.

ఆడపిల్లల కాలేజీ హాస్టల్లో మేట్రన్ ఉద్యోగం నాది. మూడంతస్తుల మేడ, అంతస్తుకి పద్నాలుగు గదులు. గేటు పక్కనే నా ఆఫీసు. అందులో నాకొక బల్ల, చేతులున్న కుర్చీ, నొక్కితే మోగే గంట, నా సంతకం లేనిదే చెల్లని సెలవు కాగితాలు ఉన్నాయి. వీటన్నిటితో పాటు పిల్లల అభిమానం కూడా వస్తుందనుకుని చేరాను. అది మాత్రం అప్పటికే వేరేవాళ్ళ సొంతమైపోయింది.

ఆవిడ తాళాలక్క. అసలు పేరు జీతాల రిజిస్టర్లో ఉంది, పిలిచేవాళ్ళే లేరు. ఇరవై ఏళ్ళ కిందట, ఈ హాస్టల్ ఒక్క అంతస్తుగా ఉన్న రోజుల్లో, ఊడ్చే పనికి వచ్చింది. వచ్చినప్పుడు ఆమె చేతిలో ఒక రేకు పెట్టె, పక్కన పదేళ్ళ చెల్లెలు ఉన్నారట. మొగుడు లారీ డ్రైవరు. ఒకసారి సరుకు వేసుకుని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ప్రమాదం ఏమీ జరగలేదు, వేరే ఊళ్ళో వేరే ఇల్లు పెట్టుకున్నాడు. దాని గురించి ఎవరైనా జాలిపడబోతే, ఆయనకి దారి తెలుసు, రాబుద్ధి కాలేదు అంతే అనేసి చీపురు అందుకునేదట. మెట్ల కింద గదిలో చెల్లెల్ని పెట్టుకుని, చదివించి, నర్సును చేసి పెళ్ళి చేసింది. చెల్లెలు వచ్చేయమంటుంది. ఈవిడ వెళ్ళదు. ఆ మెట్ల కింద గదే ఆవిడ ఇల్లు. ఉద్యోగం పోతే ఆ ఇల్లూ పోతుంది.

నా ముందున్న మేట్రన్‌కి చూపు ఆనేది కాదట. అందుకని గదుల మారు తాళంచెవులు ఈవిడకి అప్పగించింది. అక్కణ్ణుంచి మొదలైంది వైభవం. మా గదులకి తలుపుల్లోనే బిగించిన పాతకాలపు తాళాలు. తాళంచెవి ఒకటి పిల్లల దగ్గర, మారుది మెట్ల పక్క గోడకున్న చెక్క పలక మీద. పలకకి ఆరు వరసల మేకులు, వరసకి ఎనిమిది. ఏ తాళంచెవికీ నంబరు లేదు, గుర్తు లేదు. ఏ పిల్లయినా తాళంచెవి లోపలే మరిచి తలుపు లాగేసుకుని, "అక్కా" అంటూ దిగులు మొహంతో వస్తే చాలు, ఆవిడ చేస్తున్న పని ఆపకుండా చెయ్యి పైకెత్తి ఒక తాళంచెవి తీసిచ్చేది. ఎప్పుడూ పొరపాటు పడలేదు. ఇస్తూ ఒక్క మాట అనేది, మధ్యాహ్నంలోగా తెచ్చివ్వకపోతే నీ తల తాకట్టు పెట్టుకుంటానని. పిల్లలు ఆ మాట కోసమే తాళంచెవులు మరిచిపోతున్నారా అని నాకు అనుమానం.

తాళంచెవుల దగ్గర మొదలైన చనువు అక్కడితో ఆగుతుందా? పరీక్ష తప్పిన పిల్ల మెట్ల మీద కూర్చుని ఆవిడ భుజం తడిపేది. నేను అటుగా వెళితే అదే పిల్ల కళ్ళు తుడుచుకుని, లేచి నిలబడి, గుడీవినింగ్ మేడమ్ అనేది. ఒక పలకరింపు ఇంత ఒళ్ళు మండిస్తుందని నాకు అంతకు ముందు తెలియదు. చదువైపోయి వెళ్ళిన పిల్లల పెళ్ళి పత్రికలు వచ్చేవి. నాకొచ్చే కవరు మీద "మేట్రన్ మరియు సిబ్బంది" అని ఉండేది. ఆవిడకొచ్చే కవరు మీద "మా తాళాలక్కకి, మెట్ల కింద గది" అని రాసి పక్కన ఒక తాళంచెవి బొమ్మ వేసి ఉండేది. రెండు కవర్లూ టపాలో నా బల్ల మీదికే వచ్చేవి. నేనే ఆవిడని పిలిచి ఇవ్వాలి. పుండు మీద కారం చల్లడమంటే ఇదే.

మూడున్నరేళ్ళు ఓర్చుకున్నాను. అంత ఓర్పు నాలో ఉందని మా అమ్మ కూడా నమ్మదు. తర్వాత ఒకసారి ఆవిడ చెల్లెలికి ఏదో ఆపరేషన్ అని మూడు రోజులు సెలవు పెట్టింది. నాకు తోవ దొరికింది. గుర్తుల్లేని తాళంచెవులు ఒక మనిషి జ్ఞాపకం మీద నడవడం పద్ధతి కాదని నాకు నేను నచ్చచెప్పుకున్నాను. మాట నిజమే. కానీ నా మనసులో ఉన్నది పద్ధతి కాదు. నంబర్లు పడితే తాళంచెవి ఎవరైనా ఇవ్వచ్చు. ఎవరైనా ఇవ్వగలిగితే పిల్లలు నా దగ్గరికీ వస్తారు.

పసుపు రంగు ప్లాస్టిక్ బిళ్ళలు కొన్నాను. మొదటి మేకు మీది తాళంచెవి తీసుకెళ్ళి ఒకటో గదికి పెట్టి చూశాను, తెరుచుకుంది. రెండో మేకుది రెండో గదికి సరిపోయింది. ఇంక మెట్లెక్కడానికి నా మోకాళ్ళు ఒప్పుకోలేదు. వరసగా మేకులున్నాక, మొదటి రెండూ వరసగా సరిపోయాక, మిగతావి మాత్రం ఎక్కడికి పోతాయి? కుర్చీలో కూర్చుని, నా ముత్యాల్లాంటి దస్తూరితో ఒకటి నుంచి నలభై రెండు దాకా బిళ్ళలు రాసి, మేకుల వరసలోనే తాళంచెవులకి కట్టాను. నలభై మూడోదానికి "మేడ మీద" అని, నలభై నాలుగోదానికి "స్టోరు" అని రాశాను. మళ్ళీ ఎక్కడివక్కడే తగిలించాను. పలక తోరణం కట్టినట్టు పచ్చగా కనిపించింది.

ఆ మేకులకి వరస ఉన్న మాట నిజమే, అది గదుల వరస కాదు. ఎవరు ఎక్కువగా తాళంచెవి మరిచిపోతారో వాళ్ళది చెయ్యి ఎత్తితే అందే వరసల్లో, ఎప్పుడూ అడగనివాళ్ళది పై వరసలో. ఒకటో గది, రెండో గది పిల్లలు బుద్ధిమంతులు కాబట్టి పైన మొదట్లో ఉన్నారు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. చేతులు కాలాకే కదా ఎవరైనా ఆకులు పట్టుకునేది.

తాళాలక్క సెలవు నుంచి వచ్చింది. పలక ముందు కొంచెంసేపు నిలబడింది. ఏమంటుందోనని నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. ఏమీ అనలేదు. చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. ఇరవై మూడు రోజులు గడిచాయి. ఒక్క పిల్ల నన్ను తాళంచెవి అడగలేదు. అంతకు ముందులాగే అక్కా అనడం, ఆవిడ బిళ్ళ వంక చూడకుండానే తీసివ్వడం. నా పచ్చ తోరణం గోడకి అలంకారంగా మిగిలింది. కనక నా తప్పు బయటపడే అవకాశమే రాలేదు.

ఇరవై నాలుగో రోజు గురువారం. మేడ మీద మోటారు చెడిపోయి పొద్దున్నుంచి కుళాయిల్లో నీళ్ళు లేవు. పైపుల మేస్త్రి వచ్చి పని మొదలుపెట్టాడు. ఇరవై ఏడో గదిలో ఉండే పిల్లని అందరూ మరపురాణి అంటారు. ఆ పిల్ల గది మూల ఉన్న సింకులో మేజోళ్ళు పడేసి కుళాయి తిప్పింది. నీళ్ళు రాలేదు. తిప్పిన కుళాయి తిప్పినట్టే వదిలేసి, తలుపుకి తాళం వేసుకుని, తరగతి వాళ్ళతో కలిసి పక్క ఊరి ఫ్యాక్టరీ చూడ్డానికి బస్సెక్కింది.

తొమ్మిదిన్నరకి ముప్పయ్యో గదిలో ఒక మొదటి ఏడాది పిల్లకి జ్వరం అని తెలిసి థర్మామీటరు పట్టుకుని మూడో అంతస్తు ఎక్కాను. ఆ పిల్ల నన్ను చూసి, అక్కని పిలవండి మేడమ్ అంది. అంత పైకి ఎక్కిన మోకాళ్ళతో దిగి ఆ అక్కని నేనే పిలిచాను. ఆవిడ పైకొచ్చి పిల్ల నుదురు ముట్టుకుని చూసి, ఆసుపత్రికి తీసుకెళ్తానని, బయటికి వెళ్ళినట్టు రిజిస్టర్లో రాయమని నన్ను అడిగింది. ముందు వెళ్ళు, తర్వాత రాసుకోవచ్చు అన్నాను. తర్వాత రాయలేదు. మరిచిపోయాననే అనుకుందాం.

పదకొండుకి మోటారు బాగైంది. పొద్దున తాళాలక్క తెరిచిపెట్టిన మేడ మీది తలుపుని తాళం పడేలా లాగేసి మేస్త్రి ఇంకో పనికి వెళ్ళిపోయాడు. పదకొండుంబావుకి ఒక పిల్ల నా ఆఫీసులోకి పరుగెత్తుకొచ్చి ఇరవై ఏడో గది తలుపు కిందనుంచి నీళ్ళొస్తున్నాయని చెప్పింది. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు కలిగింది కంగారు కాదు, సంతోషం. ఆవిడ లేదు. వాళ్ళు నా దగ్గరికి వచ్చారు. నేను తొందరపడకుండా లేచి, పలక దగ్గరికి వెళ్ళి, ఇరవై ఏడు అని రాసున్న తాళంచెవిని అందరూ చూస్తుండగా తీశాను.

అది తాళంలో సగం దూరి ఆగిపోయింది. తిప్పాను. గట్టిగా తిప్పాను. వెనక పది మంది పిల్లలు. నీళ్ళు నా చెప్పుల్లోకి వచ్చాయి. మేస్త్రికి ఫోన్ చేస్తే మేడ మీది వాల్వు కట్టేయమన్నాడు. "మేడ మీద" అన్న బిళ్ళ ఉన్న తాళంచెవి మేడ తలుపుకి పట్టలేదు. వంటాయన వచ్చి ఇరవై ఏడో గది తలుపుకి భుజం ఆనించి రెండుసార్లు తోశాడు. తలుపు కదల్లేదు, ఆయన భుజం కదిలింది. అప్పుడు నాకు బుర్ర తిరిగిపోయి, అన్నీ పెట్టి చూద్దామని, కిందికి వెళ్ళి పలక మీది తాళంచెవులన్నిటినీ దులిపి ఒక బకెట్లో వేసుకుని మళ్ళీ పైకి వచ్చాను. పన్నెండు తాళంచెవులు పెట్టి చూసి ఉంటాను. ఏది పెట్టి చూశానో, ఏది చూడలేదో కలిసిపోయాయి.

ఒక పిల్ల నా చెవి దగ్గర ఫోన్ పెట్టింది. అవతల తాళాలక్క.

"మేడమ్, కంగారు పడకండి. నాలుగో వరసలో కుడి చివర నుంచి రెండోది."

"పలక మీద ఏమీ లేవు. అన్నీ బకెట్లో ఉన్నాయి."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అయితే కళ్ళతో వెతక్కండి. చెయ్యి పెట్టి తడమండి. దాని మెడ కొంచెం వంగి ఉంటుంది. పోయినేడు మరపురాణి దాంతో పెట్టె మూత ఎత్తబోయింది. మిగతా వాటికి వేటికీ మెడ వంగదు."

బకెట్లో చెయ్యి పెట్టి తడిమితే దొరికింది. దాని మీద నా ముత్యాల దస్తూరిలో ముప్పై ఒకటి అని ఉంది. ఒక్క తిప్పుకి తలుపు తెరుచుకుంది. కుళాయి కట్టేసి అమ్మయ్య అనుకునేలోపు కింద అంతస్తులోంచి కేక వినిపించింది.

ఇరవై ఏడు కింద పదమూడో గది. అందులో ఉండేది గీతల పిల్ల. భవనాల నమూనాలు గీసే చదువు, చివరి ఏడాది. నాలుగు నెలలుగా చేత్తో గీసిన పదకొండు పెద్ద కాగితాలు, సోమవారం ఒప్పజెప్పాల్సినవి, బల్ల చాలక మంచం మీద పరిచి కాలేజీకి వెళ్ళింది. నేను పైన బకెట్లో తడుముతున్నంతసేపూ ఫ్యాన్ కొక్కెం పక్కనుంచి నీళ్ళు సరిగ్గా ఆ మంచం మీదికే కారాయి.

అరగంటలో తాళాలక్క జ్వరం పిల్లని రిక్షాలో కూర్చోబెట్టుకుని వచ్చేసింది. ఆ పిల్లని పడుకోబెట్టి, బకెట్లోంచి తాళంచెవి ఏరుకుని నేరుగా పదమూడులోకి వెళ్ళింది. పిల్లల చేత పాత పేపర్లన్నీ తెప్పించి, భోజనాల గది బల్లల మీద పరిపించి, తడి కాగితాలు ఒక్కొక్కటీ నలుగురి చేత నాలుగు మూలలూ పట్టించి మోయించింది. ఒంటి గంటకి గీతల పిల్ల వచ్చింది. ఏడవలేదు. బల్లల మధ్య నడుస్తూ ఒక్కొక్క కాగితం చూసింది. ఏడు పోయాయి, నాలుగు మిగిలాయి. అప్పుడు నేల మీద కూర్చున్న తాళాలక్క పక్కన కూలబడి ఆవిడ ఒళ్ళో తలపెట్టుకుంది. నేను తడిగుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాలుగు నెలల కష్టం నా బిళ్ళల వల్ల నీళ్ళపాలైన ఆ పిల్లని చూసి కూడా నాకు ముందు జాలి కలగలేదు. నా ఒళ్ళో ఎందుకు తలపెట్టుకోలేదు అనిపించింది. ఇంతకన్నా నా గురించి చెప్పేదేమీ లేదు.

మర్నాడు గీతల పిల్ల వాళ్ళ నాన్న వచ్చాడు. అరిచే మనిషి కాదు. కాలేజీ వాళ్ళు పిల్లకి మూడు వారాలు గడువిచ్చారని చెప్పినా, ప్రిన్సిపాల్ గారి ఎదురుగా కూర్చుని, తలుపు తెరవడానికి ముప్పావుగంట ఎందుకు పట్టిందని ఒకే ప్రశ్న మెల్లగా నాలుగుసార్లు అడిగాడు. ప్రిన్సిపాల్ గారు నన్ను సాయంత్రంలోగా రాతపూర్వకంగా రిపోర్టు ఇమ్మన్నారు.

నేను అబద్ధం రాయలేదు. అబద్ధం రాసే ధైర్యం నాకు లేదు. కుళాయి సంగతి రాశాను. నీళ్ళ సంగతి రాశాను. గది తెరవడంలో ఆలస్యమైందని రాసి, దాని పక్కన ఒక వాక్యం చేర్చాను: "తాళంచెవుల బాధ్యత గల ఉద్యోగి ఆ సమయంలో హాస్టల్లో లేరు, ఆమె బయటికి వెళ్ళినట్టు రిజిస్టరులో నమోదు కాలేదు." చదివి చూసుకున్నాను. ప్రతి అక్షరం నిజం. ఎక్కడికి వెళ్ళిందో రాయలేదు, ఎందుకు నమోదు కాలేదో రాయలేదు, బిళ్ళల మాటే ఎత్తలేదు. సంతకం పెట్టి, నొక్కితే మోగే గంట నొక్కి, ప్యూను చేతికిచ్చాను.

శనివారం మధ్యాహ్నానికి ఉత్తర్వు వచ్చేసింది. విధుల్లో నిర్లక్ష్యం, చెప్పకుండా బయటికి వెళ్ళడం కారణంగా ఒకటో తారీఖు నుంచి ఆమెని తొలగిస్తున్నారు. మెట్ల కింద గది ఖాళీ చెయ్యాలి. తాళంచెవులు మేట్రన్‌కి అప్పగించాలి. ఇంకా ఐదు రోజులుంది. సాయంత్రానికి హాస్టలంతా తెలిసిపోయింది. నేను వరండాలో నడిస్తే పిల్లలు గుడీవినింగ్ చెప్పడం కూడా మానేశారు.

ఐదు గంటలకి తాళాలక్క తాళంచెవులన్నీ ఒక పళ్ళెంలో పోసుకుని నా ఆఫీసుకి వచ్చింది. అప్పగింత కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపేద్దామనుకున్నాను. ఆవిడ మాత్రం, ఇవి మీకు చూపించి వెళ్తాను మేడమ్, లేకపోతే పిల్లలకి ఇబ్బంది అంది. కూర్చోమన్నాను. కుర్చీ అంచున కూర్చుంది. బిళ్ళలన్నీ విప్పి ఒక పక్కన కుప్ప పోసింది. ఒక్కొక్క తాళంచెవీ తీసి నా అరచేతిలో పెట్టడం మొదలుపెట్టింది. దీని తల నల్లబడింది, ఇది పద్నాలుగు. దీని పన్ను ఒకటి అరిగింది, ఇది ఐదు, సగం తిప్పి ఆపి మళ్ళీ తిప్పాలి. దీన్ని ఒక పిల్ల పరీక్ష భయంతో కొరికింది, గాట్లు చూడండి. నేను రాసుకుంటున్నాను. ఇరవై ఏళ్ళుగా వచ్చిపోయిన పిల్లలందరూ ఆ పళ్ళెంలో ఉన్నారు.

పదో, పదకొండో అయ్యాక గమనించాను. ఆవిడ తాళంచెవి చూపించిన ప్రతిసారీ కుప్పలో వెతికి, ఆ గది నంబరున్న బిళ్ళే తీసి దానికి కడుతోంది. తడుముకోకుండా, సరిగ్గా.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. నంబర్లు లేని తాళంచెవులు చూసి, ఈవిడకి అంకెలు రావని నాకు నేనే అనేసుకున్నాను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడిగాను.

"నీకు అంకెలు వచ్చా?"

"మా చెల్లికి ఎక్కాలు నేర్పింది నేనే మేడమ్."

"మరి ఈ బిళ్ళలు తప్పని..."

"సెలవు నుంచి వచ్చిన రోజే చూశా."

పలక ముందు ఆవిడ నిలబడిన ఆ కొంచెంసేపు నాకు గుర్తొచ్చింది. చెప్పలేదేం అని అడిగాను. ఆవిడ పళ్ళెంలోకి చూస్తూ చెప్పింది.

"చెబుదామనే వచ్చా. మీరు ఈ కుర్చీలో కూర్చుని ఒక పిల్ల వాళ్ళ నాన్నతో మాట్లాడుతున్నారు. అంత పెద్దాయన మీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూసి తర్వాత రమ్మని చెయ్యి ఊపారు. వెళ్ళిపోయా. ఇరవై ఏళ్ళు నిలబడి తాళాలిచ్చాను మేడమ్. మీరొచ్చిన రోజే మీకు కుర్చీ వేశారు. మీరంటే నాకు కుళ్ళు. ఉన్నదేదో చెప్పేస్తున్నా. ఎప్పుడో ఒకరోజు పిల్లలందరి ముందూ మీకు తలుపు తెరుచుకోదు, అప్పుడు నన్నే పిలుస్తారు అనుకున్నా. ఆ రోజు కోసమే నోరు మూసుకుని కూర్చున్నా. నీళ్ళొస్తాయనుకోలేదు. గీతల పిల్ల కాగితాలు నేను కూడా తడిపినట్టే."

నేను నా వాక్యం గురించి చెప్పాను. నువ్వు ఆసుపత్రికి వెళ్ళావని కావాలనే రాయలేదు అన్నాను.

"తెలుసు. ఆఫీసులో చదివి వినిపించారు. అందులో అబద్ధం లేదు కదా."

ఆ మాట ఆవిడ వెటకారంగా అనలేదు. ఇంకో తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. మిగతావన్నీ చూపించేసరికి ఏడైంది. అన్నిటికీ సరైన బిళ్ళలు పడ్డాయి. ఇప్పుడు ఏ తాళంచెవి అయినా ఎవరైనా ఇవ్వచ్చు. నేను కోరుకున్నది అదే. ఆవిడ ఖాళీ పళ్ళెం తీసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక నేను చాలాసేపు కుర్చీలోనే ఉన్నాను. నాకు సిగ్గేసింది, నిజమే. కానీ సిగ్గు కింద ఇంకోటి ఉంది. దాన్ని గుర్తుపట్టడానికి కొంత సమయం పట్టింది, ఎందుకంటే నాకు దానితో పరిచయం లేదు. గర్వం లాంటిది. ఊరందరి అక్క, ఒళ్ళో తలలు పెట్టించుకునే మనిషి, ఇరవై మూడు రోజులు పనిగట్టుకుని నన్ను చూసి కుళ్ళుకుంది. నా కుర్చీని చూసి, నా సంతకాన్ని చూసి.

సోమవారం పొద్దున్నే ప్రిన్సిపాల్ గారి గది తెరవకముందే వెళ్ళి బయట నిలబడ్డాను. రెండో రిపోర్టు ఇచ్చాను. బిళ్ళలు నేనే రాశానని, రెండు తాళంచెవులు మాత్రమే పెట్టి చూశానని, పలక మీది తాళంచెవులు నేనే బకెట్లో కలిపేశానని, ఆమె జ్వరం పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళిందని, రిజిస్టర్లో రాయమని అడిగినా నేనే రాయలేదని రాశాను. ఆయన మొదటి రిపోర్టు తీసి దీని పక్కన పెట్టుకుని రెండూ చదివారు. కళ్ళజోడు తీశారు. రెండూ ఒకే మనిషి రాసినవేనా అని అడిగారు. దస్తూరి ఒకటే కదా సార్ అన్నాను.

ఆయనకి కోపం వచ్చింది. రావాలి కూడా. నా ఫైల్లో పడే మెమో ఆ గదిలోనే టైపు చేయించారు. ఆమె ఉత్తర్వు మీద "రద్దు" అని రాసి సంతకం పెట్టబోతూ ఆగారు.

"ఒక్కటి అర్థం కావట్లేదు. ఇరవై మూడు రోజులు ఆ పలక ఆమె కళ్ళ ముందే ఉంది. నంబర్లు తప్పని ఆమెకి తెలియదా? తెలిసి చెప్పకపోతే అది కూడా తప్పే కదా."

ఆయన పెన్ను కాగితానికి అంగుళం పైన ఉంది.

"తెలియదు సార్," అన్నాను. "ఆమె నంబర్లు చూడదు."

సంతకం పడింది. నేను మెమో తీసుకుని బయటికి వచ్చాను. పిల్లలకి ఆ సాయంత్రమే తెలిసింది. నేను మంచిదాన్నని అనుకున్నారు. మేట్రన్ గారు అక్కని కాపాడారని చెప్పుకున్నారు. ఇద్దరు ముగ్గురు ఆఫీసుకి వచ్చి కాసేపు కూర్చుని కూడా వెళ్ళారు. వాళ్ళని నేను సరిదిద్దలేదు.

మంచితనం కాదు. నా బతుకంతా నేను చూసి ఏడ్చినవాళ్ళ లెక్క నాకే తెలియదు. నన్ను చూసి ఏడ్చిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది, మెట్ల కింద గదిలో. ఆవిణ్ణి ఎలా పోనిస్తాను?